మాట లేని నాలుగు నిమిషాలు

"మళ్ళీ మాట వినపడుతోంది బాషా."

రాధాకృష్ణమూర్తి మాస్టారు హెడ్‌ఫోన్స్ తీసి కౌంటరు మీద పెట్టారు. జాన్ బాషాకి ఒళ్ళు మండింది. ఇది నాలుగోసారి.

"ఎక్కడండీ?"

"వీణ ఆగి వేణువు ఎత్తుకునే చోట. ఆ అమ్మాయి 'జాగ్రత్త' అంటోంది."

"అది మాట కాదండీ, మాట తోక. చివరి అక్షరం మిగిలిందంతే."

"తోకైనా వద్దు."

సత్తెనపల్లి మార్కెట్ రోడ్డులో బాషా రికార్డింగ్ సెంటరుకి పదేళ్ళుగా మంచి పేరుంది. ఎవరు ఏ పాటల చీటీ తెచ్చినా సాయంత్రానికల్లా క్యాసెట్టు చేతిలో పెట్టేవాడు. సీడీలొచ్చాక గిరాకీ తగ్గినా మాస్టారు మాత్రం రావడం మానలేదు. ఆయన అడిగేవి పాటలు కావు. సినిమాల్లో సీన్ల వెనక వినిపించే సంగీతం, టీవీ సీరియళ్ళ మొదట్లో వచ్చే సంగీతం. అలాంటివి నూట నలభై క్యాసెట్లు పోగేశారు. ఏ సీను, ఏ వాయిద్యం, ఎన్ని నిమిషాలు అని ప్రతి అట్ట మీదా గుండ్రటి అక్షరాలతో రాసుకునేవారు. హైస్కూల్లో బాషాకి లెక్కలు చెప్పింది ఆయనే.

"పాటలో మాటలుంటాయిరా. ఏడవాలో నవ్వాలో అవే చెప్పేస్తాయి. ఇది అట్లా కాదు, మన ఇష్టానికి వదిలేస్తుంది" అనేవారు, కళ్ళు మూసుకుని మోకాలి మీద వేలితో తాళం వేస్తూ. అలా ఉన్నప్పుడు ఆయన్ని చూడటం బాషాకీ ఇష్టమే.

ఈసారి తెచ్చింది ఎప్పటిదో పాత సినిమా వీడియో క్యాసెట్టు. అందులో రైల్వే స్టేషను సీను. హీరో వెళ్ళిపోతుంటాడు, హీరోయిన్ సాగనంపుతుంటుంది. వెనక నాలుగు నిమిషాల సంగీతం. దాన్ని ఏ క్యాసెట్ల కంపెనీ కూడా విడిగా వెయ్యలేదు. గుంటూరు నుంచి మద్రాసు దాకా షాపులన్నీ తిరిగి, చివరికి సినిమాలోంచే తియ్యమని పట్టుకొచ్చారు. సంగీతం ఉండాలి, మాట ఉండకూడదు.

మాట వచ్చిన చోటల్లా పాజ్ నొక్కి చూశాడు బాషా. సంగీతం ముక్కలు ముక్కలైంది. సౌండు తగ్గించి చూశాడు. మాటతో పాటు వీణ కూడా పోయింది. ఓసారి సగంలో కరెంటు పోయి టేపు చుట్టుకుపోయింది. నిన్నటికి నిన్న, మార్కెట్ యార్డుకి పోయే మిరపకాయల ట్రాక్టరు ఒకటి షాపు ముందే ఆగింది. ఆ ఘాటుకి తుమ్ము వచ్చి ఒక్క చోట పాజ్ ఆలస్యంగా నొక్కాడు. సరిగ్గా ఆ చోటే మాస్టారు పట్టుకున్నారు.

"మాస్టారూ, మాటా సంగీతం ఒకే టేపులో కలిసిపోయున్నాయి. టీలో కరిగిన పంచదార తియ్యమంటే ఎట్లా తీసేదండీ?"

"ఏదో ఒకటి చెయ్యరా. ఆ మాటలతో వినలేకనే కదా నీ దగ్గరికొచ్చింది."

"నెల నుంచి చేస్తూనే ఉన్నా! పెళ్ళి వీడియోల పని కూడా పక్కన పెట్టా. ఒక్క మాట వినపడితే ఏం మునిగిపోద్దండీ? అంత చాదస్తమైతే మీరే చేసుకోండి!"

బాషా వీడియో క్యాసెట్టు ఆయన ముందుకి నెట్టేశాడు.

మాస్టారు దాన్ని సంచిలో వేసుకోబోతే పట్టు తప్పి కింద పడింది. వంగి తీసుకోవడానికి చాలాసేపు పట్టింది. నోరు జారినందుకు బాషాకి తన మీద తనకే చిరాకేసింది.

"ఇటివ్వండి. ఇంకొక్కసారి చూస్తా" అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో సినిమా మొదటి నుంచీ వేశాడు. భార్య నసీమున్నీసా బియ్యం ఏరుతూ చూస్తోంది.

"ఈయన చాదస్తంతో చస్తున్నా" అన్నాడు బాషా.

"పోన్లెండి పాపం. ఇంటావిడ పోయాక ఒక్కరే కదా, పొద్దుపోవడానికి ఏదో ఒకటి ఉండాలి" అందామె. స్టేషను సీను రాగానే తలెత్తింది. "ఈ వీణ ఇందాక పేర్లు పడేటప్పుడు కూడా వచ్చింది కదండీ?"

బాషా టేపు గబగబా వెనక్కి తిప్పాడు. అదే వీణ, అదే వేణువు. పేర్లు పడేంతసేపూ ఒక్క మాట లేదు!

హీరోయిన్ మాట్లాడే చోటల్లా ఆ ముక్కలు తెచ్చి అతికించాడు. ఒక్క చోటికి మాత్రం సంగీతం చాల్లేదు. అక్కడ హీరో మాటలు రెండు అలాగే ఉండిపోయాయి. "చేరగానే ఉత్తరం రాస్తాను. ఏడవకు."

సోమవారం మాస్టారికి హెడ్‌ఫోన్స్ ఇచ్చి, ఇక మళ్ళీ మొదలే అనుకుంటూ కూర్చున్నాడు. హీరో మాటల చోటు వచ్చింది, వెళ్ళిపోయింది. మాస్టారి వేలు తాళం తప్పలేదు. నాలుగు నిమిషాలూ అయ్యాక ఆయన కళ్ళు తుడుచుకున్నారు.

"బాగా చేశావురా."

బాషాకి సంతోషం బదులు ఉక్రోషం తన్నుకొచ్చింది.

"హీరో మాటలున్నాయి కదండీ, వినపడలేదా?"

"వినపడ్డాయి. ఉంటే ఉండనీ."

"ఉండనీయా? మరి ఆ అమ్మాయి మాటల్లో తోక కూడా వద్దని నెల రోజులు నన్ను చంపారే! ఆమె ఏం పాపం చేసిందండీ?"

మాస్టారు క్యాసెట్టుని జేబులో పెట్టుకున్నారు.

"ఆ అమ్మాయికి తెలుగు రాదు బాషా. మద్రాసులో ఇంకొకరి చేత మాటలు చెప్పించారు."

"అయితే?"

"ఆ గొంతు మా ఆవిడది."