మున్నీ మోకాలు

“ఇక్కడ చూడమ్మా, ఈ రెండు ఎముకలూ ఆనుకుపోయాయి కదూ?”

కరీమున్ ఎక్స్‌రే ఫిల్మును ట్యూబ్‌లైటు వైపు ఎత్తి పట్టుకుంది. బెంచీ మీద పక్కన కూర్చున్న రాజ్యం మెడ సాచి చూసింది. ఆవిడా మోకాళ్ళు చూపించుకోవడానికే ప్రత్తిపాడు నుంచి గుంటూరు వచ్చింది. ఇద్దరికీ పరిచయమై ఎంతోసేపు కాలేదు.

“నాకేం తెలుస్తుందమ్మా. తెల్లగా ఉన్నవి ఎముకలు, నల్లగా ఉన్నది గాలేమో. ఎవరిది?”

“మా పిల్లది. మున్నీది. ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదు. ఇదొక్కతే నిలిచింది. లోపల కసరత్తులు నేర్పుతున్నారు. నన్ను రానివ్వలా.”

కరీమున్ ఒళ్ళో సంచి ఉంది. అందులో నీళ్ళ సీసా, బిస్కెట్ల పొట్లం, మున్నీ మొహం తుడవడానికి చిన్న తువ్వాలు. సంచి ఇప్పటికి చాలాసార్లు తెరిచి మూసింది.

“మనవడి పుట్టువెంట్రుకలకి పెదకాకాని వెళ్ళొచ్చిన దగ్గర్నుంచీ నా మోకాళ్ళూ పట్టేశాయి,” అంది రాజ్యం. “ఇంతకీ డాక్టరుగారు ఏమన్నారు?”

“మా పిల్లతోనే ఇంగ్లీషులో గబగబా మాట్లాడాడు. నాకు అర్థమైంది ఒక్కటే. ఆపరేషన్ అక్కర్లేదు, ఇంటికి తీసుకెళ్ళండి అన్నాడు.”

రాజ్యం మొహం మారింది. కరీమున్ అది చూడనే చూసింది.

“ఏంటమ్మా?”

“ఏం లేదు లెండి.”

“నా మీద ఒట్టు. చెప్పు.”

“మా పెదబావగారికీ ఇదే మాట అన్నారు. ఆపరేషన్ అక్కర్లేదు, ఇంటికి తీసుకెళ్ళి ఇష్టమైంది పెట్టండని. నెల తిరక్కుండానే...” రాజ్యం నాలిక్కరుచుకుంది. “ఆయనది లివర్ లెండి. ఇది మోకాలేగా!”

లివర్ సంగతి కరీమున్ చెవిన పడలేదు. అప్పటికే డాక్టరు గది తలుపు దగ్గరుంది. “టోకెన్ పిలవాలమ్మా,” అని నర్సు అడ్డం వస్తే చెయ్యి పక్కకి తోసి లోపలికి వెళ్ళింది.

“బాబూ, దాచకుండా చెప్పు. నా బిడ్డ మీద ఆశ వదులుకోవాల్సిందేనా?”

డాక్టర్ ప్రసన్నకుమార్ రాస్తున్నవాడల్లా ఆగిపోయాడు. “మోకాలి నొప్పికా?”

“ఆపరేషన్ కూడా వద్దన్నావంటే చెయ్యి దాటిపోయినట్టేగా!”

ఆయనకి నవ్వొచ్చింది. ఆవిడ మొహం చూసి ఆపుకున్నాడు. ఫిల్ము తీసుకుని గోడకున్న లైటుపెట్టెకి తగిలించాడు.

“వద్దన్నది అంతదాకా రాలేదు కాబట్టి. ఇటు చూడండి. కీల్లో మెత్తగా ఉండే గుజ్జు ఎక్స్‌రేలో కనపడదు. ఎముకల మధ్య ఖాళీని బట్టి అది ఎంత అరిగిందో అంచనా వేస్తాం. లోపలి వైపు ఖాళీ తగ్గింది. బయటి వైపు బాగానే ఉంది.”

“నొప్పికాలి మీద నిలబెట్టి తీశారు. పిల్ల పళ్ళు బిగబట్టింది తెలుసా?”

“పడుకోబెట్టి తీస్తే ఖాళీ ఎక్కువ ఉన్నట్టు కనిపిస్తుందమ్మా. బరువు పడితేనే అసలు సంగతి తెలుస్తుంది.”

“మరి ఈ అంచున ముల్లులాగా ఉందేంటి?”

“అరుగుదల వల్ల ఎముక అంచు కాస్త పెరుగుతుంది. దానికి భయం లేదు. ఇంతకంటే అరిగినవాళ్ళు కూడా హాయిగా తిరుగుతుంటారు. మేం ఫిల్మొక్కటే చూడం, మనిషి నడక చూస్తాం.”

కరీమున్ కళ్ళు ఒత్తుకుంది. “కల్లాల్లో గొంతుక్కూర్చుని మిరపకాయలు ఏరినదాన్ని నేను. నా మోకాళ్ళు రాళ్ళలా ఉన్నాయి. నాకు రావాల్సింది పిల్లకొచ్చింది.”

“తొడ కండలు గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. ఆ కసరత్తులు అందుకే. రోజూ చేయించండి. కొంచెం బరువు కూడా తగ్గాలి.”

“అన్నం మానిపించమంటావా? అది తినేదే రెండు ముద్దలు!”

“ఆ ముద్దలు కలిపేది మీరేనా?”

కరీమున్ సంచిలోని బిస్కెట్ల పొట్లాన్ని తువ్వాలు కిందికి తోసింది.

“నొప్పి ఎక్కువైతే మాత్ర రాశాను. పైన రాసుకోవడానికి ఆయింట్‌మెంటు. అది మిరపకాయ ఘాటుతో చేసిందే.”

ఆవిడ కళ్ళు మెరిశాయి. “మా ఇంట్లో కొత్తకారం...”

“అమ్మా! కారం పూశారంటే బొబ్బలెక్కుతుంది. షాపులో ఇచ్చిందే రాయండి. రాసిన చేతులు కడుక్కోండి. వీటితో తగ్గకపోతే ఇంజక్షన్లున్నాయి. ఆపరేషన్ మాట అన్నిటికంటే చివర.”

“నమాజు?”

“కుర్చీలో కూర్చుని చేసుకోవచ్చు.”

“బడి? పరీక్షలొస్తున్నాయి. ఒక్క పూట మానమన్నా మానదు.”

“హాయిగా వెళ్ళమనండి. మేడ మీద క్లాసు మాత్రం కిందికి మార్పించుకోమనండి.”

కరీమున్ బెంచీ దగ్గరికి వచ్చి కూలబడింది. “బతికించాడమ్మా,” అంది రాజ్యంతో. మరు నిమిషానికే మళ్ళీ లేచింది. “లోపల ఇంతసేపు ఏం చేస్తున్నారు? కండ పట్టేసిందో ఏమో. కళ్ళు తిరిగి పడిందేమో.”

“కూర్చోండమ్మా. మీరు చెప్తుంటే నాకే భయమేస్తోంది.”

కసరత్తుల గది తలుపు తెరుచుకుంది. గోడ పట్టుకుని మెల్లగా మున్నీ బయటికి వస్తోంది. కరీమున్ ఎదురు పరుగెత్తి తువ్వాలుతో నుదురు తుడిచి, నీళ్ళ సీసా మూత తీసి నోటికి అందించింది. “గడప ఉంది తల్లీ, చూసి అడుగెయ్యి!”

రాజ్యం బెంచీ పట్టుకుని, మోకాళ్ళ నొప్పి ఓర్చుకుంటూ లేచి నిలబడింది. నెరిసిన జుట్టు చెవి వెనక్కి తోసుకుని, చేతులు కట్టుకుంది.

“నమస్తే టీచరమ్మా, నేను మూడో తరగతి రాజ్యాన్ని.”