చెదల మందు

సముద్రం ముంచేసిన ఊళ్ళవాళ్ళు నగరానికి తరలివస్తున్న రోజులవి. అందరి చెవుల్లోనూ సర్కారు బిగించిన గుండీ ఉండేది. ఎవరు "వలసవాళ్ళు" అన్నా అది "చెదలు" అని వినిపించేది. ఆ పోలిక కట్టింది పోలికల శాఖలో పనిచేసే సుభాషిణే. పైవాళ్ళు శాలువా కూడా కప్పారు.

ఆ సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి అత్తగారు గడప బయట చెదల మందు చల్లుతోంది. మెట్ల మీద ఒక తల్లి, ఆమె ఒళ్ళో ఊపిరాడక దగ్గుతున్న పసిబిడ్డ.

"ఏంటత్తయ్యా ఇది?"

"నీళ్ళడిగాయమ్మా. ఇవాళ పోస్తే రేపటికి పుట్ట పెట్టేస్తాయి."

సుభాషిణి ఆవిడ చెయ్యి పట్టుకుంది. "ముందా గుండీ తీసెయ్యండి. వాళ్ళు మనుషులు."

"అది పాడై నెల దాటింది," అందావిడ, చెయ్యి విడిపించుకుని డబ్బా విదిలిస్తూ. "అవి చెదలని కళ్ళతో చూస్తే తెలీదూ?"