గది చూపించమ్మా

"మ్యూట్ తియ్యమ్మా! నీ మాట వినబడట్లేదు," అరిచింది కోర్టు గుమాస్తా.

ఊరంతా జబ్బు. ఇళ్లకు గడియలు పడి నెల దాటింది, చివరికి కోర్టు కూడా ఫోన్లోకి వచ్చేసింది. జడ్జిగారు ఆయనింట్లో, గుమాస్తా చేతిలో ఫోనుతో తన వంటింట్లో. తెర మీద, మొగుడు చావగొడుతున్నాడు, అతన్ని ఇంట్లోంచి పంపించెయ్యండని నిన్నగాక మొన్న మొరపెట్టుకున్న ఇల్లాలు.

"గది చూపించమ్మా," అంది గుమాస్తా. పక్కనెవడైనా నిలబడి బెదిరిస్తుంటే దొరికిపోతాడని ఆ పద్ధతి పెట్టించింది తనే. జడ్జిగారు మెచ్చుకున్నారు కూడా.

తెర మీది బొమ్మ మెల్లగా గది చుట్టూ తిరిగింది. మంచం, గడియ వేసిన తలుపు, పరదా లాగిన కిటికీ, బీరువా పక్క సందు. నరపురుగు కూడా లేదు. మళ్లీ ఆమె ముఖం. చెదిరిన జుట్టు కళ్ల మీద పడుతోంది.

"ఒక్కదానివే ఉన్నావా?" అడిగారు జడ్జిగారు.

"ఒక్కదాన్నేనండీ. ఆయన డాబా మీదున్నారు."

"బొమ్మ ఊగిపోతోంది. ఫోను దేనికైనా ఆనించు."

"ఆనించడానికేం లేదండీ. చేత్తోనే పట్టుకున్నాను."

"సరే, భయపడకుండా చెప్పు."

"ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానండీ. ఏదో కోపంలో పెట్టాను. ఆయన మంచివారు."

జడ్జిగారు కాగితాల్లో తల దూర్చారు. గుమాస్తాకు ఒళ్లు మండింది. ఇంత చేస్తే ఇదా! అంతలో ఆమె జుట్టంతా వెనక్కి తీసుకుని, మెలితిప్పి, తీరిగ్గా ముడి వేసుకుంది. వేసిన ముడి విప్పి, కెమెరాలోకే చూస్తూ మళ్లీ వేసింది. బొమ్మ ఊగుతూనే ఉంది.

"కోర్టమ్మా ఇది, అద్దం కాదు! సింగారం తర్వాత చేసుకో," కసిరింది గుమాస్తా.

ఆమె కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. "ఇంక నేను చెప్పేదేం లేదండీ."

జడ్జిగారు నిట్టూర్చి కేసు కొట్టేశారు. తెర నల్లబడింది.

"తన్నులు తింటారు, మళ్లీ ఆ మొగుణ్ణే వెనకేసుకొస్తారు! మధ్యలో మనకెందుకొచ్చిన తంటా," సణుక్కుంటూ గుమాస్తా పొయ్యి దగ్గరికి నడిచింది. ఉక్కకు జుట్టు మెడకు అంటుకుంటోంది. ముడి వేసుకుందామని చేతులెత్తింది. ఫోను అడ్డొచ్చింది. ఒంటిచేత్తో ముడి పడదు.

ఎత్తిన చేతులు దించి ఫోను వంక చూసింది.

గది చూపించిన చెయ్యి ఆ ఇల్లాలిది కాదు.