తలుపు విన్న పాట

మా ఇంటి తలుపు పనిమనిషి గొంతు గుర్తుపడుతుంది, మా ఆవిడ గొంతు మాత్రం గుర్తుపట్టదు.

మా ఆవిడ ఫిలోమినా ఒకప్పుడు రాక్ పాటలతో స్టేడియాలు ఊపేసిన మనిషి. అప్పటి గొంతుకి నకళ్ళు తీసి లిఫ్టుల్లో, ఆటోల్లో, చివరికి రైస్‌కుక్కర్లలో కూడా పెట్టారు. డెబ్బై దాటి బొంగురుపోయిన ఈ గొంతుతో పిలిస్తే తలుపు, "క్షమించండి, మీరెవరో తెలియదు" అంటుంది. మార్చమంటే తలుపు కంపెనీవాళ్ళు, పేరున్నవాళ్ళ గొంతైతే లోకంలో వినబడే గొంతుతో సరిపోలితేనే ఎక్కిస్తామన్నారు. కూరల సంచితో ఆవిడ గుమ్మంలో నిలబడితే, మోకాళ్ళు పట్టుకుని నేనే లేవాలి. ఆవిడ పాడటం అటుంచి, మాట్లాడటమే తగ్గించేసింది.

ఆమధ్య వరంగల్ నుంచి నదీమ్, రణధీర్ అనే ఇద్దరు రాపర్లు వచ్చారు.

"మా పాటల మీరు పాడాలె మేడం."

"నా గొంతు బజార్లో దొరుకుతుంది కదయ్యా, కొనుక్కోండి."

"గది అందరి తాన ఉన్నది మేడం. మాకు గీ గొంతే గావాలె" అన్నాడు నదీమ్.

వాళ్ళిద్దరి మాటల జోరు మధ్య ఆవిడ బొంగురు కేక. నెల తిరిగేసరికి ఏ వీధిలో విన్నా అదే పాట.

నిన్న ఆవిడ బజారు నుంచి వచ్చి, "తలుపు తియ్" అంది. అలవాటుగా లేవబోయాను.

"రండి, ఫిలోమినా గారూ!" అంది తలుపు.

నేను మళ్ళీ కూలబడ్డాను. ఆవిడ లోపలికి వచ్చి సంచి నా ఒళ్ళో పెట్టింది. మళ్ళీ బయటికి వెళ్ళి తలుపు వేసింది.

"తలుపు తియ్!" అని ఈసారి పాడింది.