ఎడమవైపు లైటు

రెనిక్ ఆ పాత కారును తన లారీ వెనక తగిలించేసరికి పొద్దుగూకింది. "దీన్ని అమ్మితే మాకు టార్చిలైట్ల ఖర్చు కూడా రాదమ్మా," అన్నాడు.

"రాకపోతే పోనీ బాబూ. మా ఆయన్ని వెతుకుతూ మీ గాలింపు దళమంతా ఎండలో నెల్లాళ్లు తిరిగారు. మీకు కాక ఎవరికిస్తాను?" అంది నోరీన్. "బ్యాటరీ మాత్రం మావాడు పడవకి పెట్టుకున్నాడు."

మూడేళ్ల కిందట ఆమె భర్త ఈ కారును రోడ్డు పక్కన వదిలి ఎటో నడిచి వెళ్లాడు. మనిషి దొరకలేదు.

లారీ ఆ చోటికి వచ్చేసరికి బాగా చీకటిపడింది. అద్దంలో పసుపు వెలుగు మెరిసి ఆరింది. మళ్లీ మెరిసింది. వెనక కారుకి ఎడమవైపు సిగ్నల్ కొట్టుకుంటోంది.

రెనిక్ దిగి బానెట్ ఎత్తాడు. బ్యాటరీ ఉండాల్సిన చోట ఎర్రటి దుమ్ము పేరుకుని ఉంది. ఆ నిశ్శబ్దంలో లైటు టిక్కు టిక్కుమంటూనే ఉంది.

మూడేళ్ల కిందట దళం వాళ్లంతా ఇక్కడ రోడ్డుకి కుడివైపే వెతికారు. వాగు అటే ఉంది, దాహమైన మనిషి నీళ్లవైపే పోతాడనుకున్నారు. అటే వెతకమని చెప్పింది రెనిక్.

అతను మళ్లీ లారీ ఎక్కాడు. తర్వాత తన ఎడమవైపు సిగ్నల్ వేశాడు.

వెనక లైటు ఆగిపోయింది.