పదిహేడో ఫైలు

పసిపిల్లలకు మందు ఎక్కించే యంత్రానికి ప్రోగ్రాము రాసేది మేమే. మోతాదు హద్దు తగ్గించిన కొత్త కాపీ తెల్లారేసరికి ఆసుపత్రులకు చేరాలి. ఆఫీసులో నేనొక్కదాన్నే మిగిలాను.

ఎడిటర్లో ప్రాజెక్టు మొత్తం వెతికితే ప్రోగ్రాములో ఆ హద్దుకు పెట్టిన పేరు పదహారు ఫైళ్లలో దొరికింది. అన్నీ సరిచేశాను. పంపబోతుంటే మౌస్ నొక్కిన చప్పుడైంది. నా రెండు చేతులూ కీబోర్డు మీదే ఉన్నాయి. తెరమీద, వెతికేటప్పుడు ఇంగ్లీషు పెద్దక్షరాలనూ చిన్నక్షరాలనూ వేరుగా చూడమనే బటన్ ఆరిపోయింది. మళ్లీ వెలిగించి, చేతులు ఒళ్లో పెట్టుకుని చూశాను.

క్లిక్. మళ్లీ ఆరిపోయింది.

ఆ బటన్ మాకు ఇక్కడ పని నేర్పిన మాస్టారికి గిట్టేది కాదు. టీములో ఎవరు వెతుకుతున్నా వెనకనుంచి చెయ్యి చాపి ఆర్పేసేవారు. "చిన్నా పెద్దా తేడాలెందుకమ్మా? అందర్నీ పిలువు, దాక్కున్నవాడూ వస్తాడు" అనేవారు. ఆయన పోయి మూడు నెలలైంది.

జాబితాలో ఇప్పుడు పదిహేడు ఫైళ్లున్నాయి. చివరిదాంట్లో పేరంతా పెద్దక్షరాలు. పక్కనే పాత హద్దు, ఉండాల్సినదానికి పదింతలు. ఆ ఫైలు రాసింది నేనే. సరిచేసి, రెండుసార్లు పరీక్షించి పంపాను.

వెనక్కి తిరిగే ధైర్యం లేక తెరతోనే మాట్లాడాను. "మీ రుణం తీర్చుకోలేను మాస్టారూ. ఇంక ఇంటికెళ్లండి."

పక్క టేబుల్ మీది మౌస్ క్లిక్‌మంది. తర్వాత దాని పక్కది. ఆ కంప్యూటర్లన్నీ సాయంత్రమే ఆపేశారు.

నేను లేవలేదు. ఆయన వరసంతా చూసుకునేదాకా లేచి వెళ్లిపోవడం మర్యాద కాదనిపించింది.