పులి కాలికి దెబ్బ

ఈ అన్నయ్యకు తలుపు తట్టడం ఎప్పటికీ రాదు. బాదడం వచ్చు, తన్నడం వచ్చు. రెండు వేళ్లతో మెల్లగా తట్టి, లోపలివాళ్లు వచ్చేదాకా ఆగడం మాత్రం ఏ బడిలోనూ నేర్పినట్టు లేదు. లారీ ఇంజన్లు విప్పే మనిషికి ప్రపంచమంతా తుప్పు పట్టిన బోల్టులాగే కనిపిస్తుంది కాబోలు. ఇవాళ కూడా వీధి తలుపు గడియ ఊడి కింద పడ్డాక, తీరిగ్గా “నేనేనే, తలుపు తియ్యి” అన్నాడు.

“ఎక్కడ వాడు?”

“ఎవరన్నయ్యా?” అంది చెల్లెలు.

“నీ మొగుడు! కింద వాటా ఆవిడ ఫోన్ చేసింది. రోజూ సామాను పగులుతోందట. నీ అరుపులు వీధి చివరిదాకా వినబడుతున్నాయట. వాడి గొంతు మాత్రం పైకి రాదట. నోరు మెదపకుండా కొట్టే రకమన్నమాట. అలాంటివాళ్లతోనే ప్రమాదం.”

చెల్లెలు కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుంది. అన్నయ్య లాగి చూశాడు. వేళ్ల కణుపులు వాచి ఎర్రగా ఉన్నాయి.

“ఇదేంటి?”

“తలుపు సందులో పడింది.”

“ఆహా. తలుపు!”

వంటింట్లోకి తొంగి చూశాడు. గోడమీద టీ కారి చారలు కట్టి ఎండిపోయింది. గాజుపెంకులు మూలకి ఊడ్చి ఉన్నాయి. వెనకగది తలుపు వేసి ఉంది. దాన్ని బాదే శ్రమ కూడా పెట్టుకోలేదు. భుజంతో ఒక్క తోపు తోశాడు. లోపలి గడియ స్క్రూలతో సహా ఊడి ఎగిరింది. కొత్త గడియ, మెరుపు కూడా తగ్గలేదు.

లోపల బావ గాజుపెట్టె పక్కన కూర్చుని ఉన్నాడు. గడియారాలు బాగుచేసే మనిషి కనక కంటికి భూతద్దం ఉంది. ఎడమ అరచేతిలో పచ్చటి ఒంటిమీద నల్లమచ్చలున్న పెంపుడు బల్లి, కుడిచేతిలో దూది చుట్టిన పుల్ల. ఎండ మండిపోతున్నా చొక్కా చేతులకి మణికట్టు దగ్గర గుండీలు పెట్టుకున్నాడు.

తలుపు చప్పుడుకి బల్లి కదల్లేదు, బావే ఎగిరిపడ్డాడు. వచ్చిందెవరో చూసి ఊపిరి వదిలాడు.

“మీరా బావగారూ! కూర్చోండి. పులి కాలికి చిన్న దెబ్బ తగిలింది.”

“పులా?”

“దీని పేరండీ.”

అన్నయ్య జీవితంలో చాలామందిని కొట్టాడు గానీ, కొట్టబోయే ముందు ఇంత మర్యాదగా కుర్చీ చూపించినవాడు లేడు. కాస్త తడబడ్డాడు.

“ఏం చేస్తున్నావు దాన్ని?”

“గోరువెచ్చటి ఉప్పునీళ్లతో కడిగాను. వేలి దగ్గర గాజు గీసుకుంది. పెట్టెలో ఇసుక తీసేసి కాగితం పరవమన్నాడు పశువుల డాక్టరు. ఇసుకయితే పుండులో దూరుతుందట. కదిలించకుండా వెచ్చగా ఉంచితే మానిపోతుందన్నాడు.”

“గాజెక్కడిది?”

“గ్లాసు పగిలింది.”

“గ్లాసు దానంతటది పగలదే!”

“విసిరితే పగులుతుంది,” అన్నాడు బావ, పుల్లతో మందు అద్దుతూ.

అన్నయ్య చెయ్యి లేచింది. భూతద్దం ఎగిరి గోడకి తగిలింది. బావ కుర్చీతో సహా పడ్డాడు. చెంపమీద అయిదు వేళ్లూ తేలాయి. పడుతూ కూడా ఎడమచెయ్యి పైకే ఎత్తి పట్టుకున్నాడు, నిండుచెంబు తొణకకుండా మోసేవాడిలా.

“సిగ్గులేకుండా ఒప్పుకుంటున్నాడే వెధవ!”

“వదిలెయ్యి అన్నయ్యా,” అంది చెల్లెలు గుమ్మంలోంచి.

“నువ్వు మాట్లాడకు, బట్టలు సర్దుకో. వీణ్ణి పోలీసులకి అప్పగించి మరీ వెళ్దాం. పెళ్లాం చెయ్యి వాచిపోతే పట్టదు గానీ, బల్లి వేలికి మందు రాస్తాడట! పైగా లోపల గడియ! బల్లితో కాపురం పెట్టావురా?”

బావ లేచి, బల్లిని గాజుపెట్టెలోకి దించబోయాడు. అన్నయ్య పెట్టెను ఒక్క తన్ను తన్నాడు. అద్దం భళ్లుమంది.

“పారెయ్యి దాన్ని. గోడమీద మిగతా బల్లులతో బతుకుతుంది.”

“ఇది గోడలెక్కలేదండీ. పాదాలకి ఆ పట్టు ఉండదు. ఎక్కడ పెడితే అక్కడే పడి ఉంటుంది.”

“అయితే ఇక్కడే చస్తుంది!”

ఈసారి తన్ను బావ డొక్కలో పడింది. మూలుగుతూ గోడ పక్కకి పాకాడు. పెదవి చిట్లి నెత్తురు గడ్డం మీదికి జారింది.

“ఎన్నాళ్లనుంచి సాగుతోంది ఇది?”

“పెళ్లయిన ఏడాదినుంచి,” అన్నాడు బావ. “ఎవరికైనా చెప్పుకోడానికి సిగ్గేసింది.”

“చేసేటప్పుడు వెయ్యలేదా?”

అన్నయ్య కుర్చీ ఎత్తాడు. బావ అప్పటికే గోడవైపు తిరిగి, బల్లిని పొట్టకింద దాచుకుని, తల ముడుచుకుని, వీపు ఇచ్చేశాడు. కుర్చీ గాల్లోనే ఆగింది. ఈ విద్యలో అన్నయ్యకు అనుభవం ఉంది. కొత్తగా దెబ్బలు తినేవాడు చేతులు అడ్డం పెడతాడు. ఇలా కుదురుగా ఒదిగిపోవాలంటే చాలా అలవాటుండాలి.

కుర్చీ దింపి, బావ చొక్కా పట్టుకుని ఇటు తిప్పబోయాడు. పాతచొక్కా, భుజం దగ్గర చిరిగి చేతిలోకి వచ్చింది. భుజంనుంచి మోచేతిదాకా కమిలిన మచ్చలు, నల్లవి, పసుపువి, ఒకదాని మీద ఒకటి. మధ్యలో కాల్చిన గరిటె అచ్చు గుండ్రంగా దిగి ఉంది.

అన్నయ్య తన చేతులు చూసుకున్నాడు. మళ్లీ ఆ భుజం చూశాడు.

“నేనిక్కడ కొట్టలేదే!” అన్నాడు అయోమయంగా.

బావ తల ఎత్తలేదు. అన్నయ్య గుమ్మంవైపు తిరిగాడు.

“తప్పు నాదన్నయ్యా, కొడుతున్నది నేనే.”